ఇంట్లో కట్టుకున్న పవర్ డబ్బాకు మీటర్ల వైరింగు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి వైపుల నుంచి మా దుకాణానికి వచ్చేవారిలో చాలామంది తాము కట్టుకున్న పవర్ డబ్బాను, అంటే బ్యాటరీ, ఇన్వర్టరు బిగించిన డబ్బాను, చేత పట్టుకొనే వస్తారు. బత్తాయి తోటలో రాత్రి కాపలాకు దీపం, మందు కొట్టే బ్యాటరీ పంపుకు చార్జింగు, బతుకమ్మ ఆడే చోట మైకు సెట్టు, ఇవి ఆ డబ్బాలు చేసే పనులు. బ్యాటరీ, బీఎంఎస్ (బ్యాటరీ సెల్లులను కాపాడే బోర్డు), ఇన్వర్టరు విషయంలో ఎంతో జాగ్రత్త పడినవారు కూడా మీటరు దగ్గరికి వచ్చేసరికి దాన్ని అలంకారంగానే చూస్తున్నారు. అందువల్ల ఎక్కువ మంది అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. విడిగా చెప్పని చోటల్లా 12.8 వోల్టుల, 50 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 300 వాట్ల ఇన్వర్టరు ఉన్న డబ్బాను దృష్టిలో పెట్టుకోవాలి.

బోరు మోటారు స్టార్టరు డబ్బాలో నుంచి తీసిన పాత మీటర్లను వాడుకోవచ్చా?

వోల్టు మీటరు పనికిరాదు. స్టార్టరు మీద ఉండే గుండ్రటి వోల్టు మీటరు 500 వోల్టుల దాకా చూపడానికి చేసినది కాబట్టి, 12 వోల్టులకు దాని ముల్లు కదిలినట్టు కూడా కనిపించదు. ఆంపియర్ మీటరు సంగతి కొంచెం వేరు. ఆ మీటర్లు సాధారణంగా మూవింగ్ ఐరన్ రకానివి. ఆ రకం ఏసీకి, డీసీకి రెండింటికీ ముల్లు కదిలిస్తుంది, ప్లస్ మైనస్ తేడా చూడదు. అయితే డీసీకి రీడింగులో కొంత తప్పు వస్తుంది, పైగా స్కేలు మొదట్లో గీతలు బాగా ఇరుకుగా ఉండటం వల్ల మూడు, నాలుగు ఆంపియర్ల లోడును చదవడం కష్టం. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు (తీగ చుట్టూ తొడిగే రింగు) ద్వారా పనిచేసే మీటరైతే డీసీకి అసలే పనిచేయదు. పాత వస్తువు మీద మమకారం ఉంటే గోడకు పెట్టుకోండి కాని, ఈ డబ్బాకు డీసీ డిజిటల్ మీటరు కొనడమే మంచిది.

మీటరు వెనుక ఐదు తీగలున్నాయి. ఏది దేనిదో రంగును బట్టి తెలుసుకోవచ్చా?

రంగును నమ్మవద్దు. మార్కెట్లో ఎక్కువగా దొరికే 100 వోల్టులు, 10 ఆంపియర్ల మీటరుకు రెండు సన్న తీగలు, మూడు దొడ్డు తీగలు ఉంటాయి. సన్న ఎరుపు, సన్న నలుపు మీటరు వెలగడానికి కావలసిన సరఫరా తీగలు. దొడ్డు వాటిలో ఒకటి వోల్టేజీని కొలిచేది, మిగిలిన రెండింటి మధ్య మీటరు లోపలే షంటు (కరెంటును కొలవడానికి వాడే అతి తక్కువ నిరోధం) ఉంటుంది. ఒక తయారీలో వోల్టేజీ తీగ పసుపు రంగులో వస్తే, మరొక తయారీలో అదే ఎరుపు రంగులో వస్తుంది. కరెంటు తీగ ఒకదానిలో నీలం, ఇంకొకదానిలో ఎరుపు. ఎరుపు అనగానే ప్లస్ అనుకొని దానిని బ్యాటరీ ప్లస్‌కు బిగిస్తే, ఆ తీగ కరెంటు తీగ అయిన పక్షంలో షంటు ద్వారా బ్యాటరీ నేరుగా షార్టవుతుంది.

మల్టీమీటరుతో రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. మీటరును దేనికీ కలపకుండా, మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి దొడ్డు తీగలను జతలు జతలుగా చూడాలి. ఏ రెండింటి మధ్య దాదాపు సున్నా వస్తుందో అవే షంటు తీగలు, మిగిలిన దొడ్డు తీగ వోల్టేజీది. తరువాత సన్న నలుపుకూ దొడ్డు నలుపుకూ మధ్య చూస్తే, ఈ రకం మీటర్లలో అక్కడ కూడా సున్నాయే వస్తుంది, ఎందుకంటే లోపల ఆ రెండూ ఒకే చోట కలిసి ఉంటాయి. ఈ సున్నాను గుర్తుపెట్టుకోండి, తరువాతి ప్రశ్న అంతా దీని మీదనే ఉంది.

సన్న నల్ల తీగను బ్యాటరీ మైనస్‌కు కలపాలా, వద్దా?

మీటరు సరఫరా, లోడు రెండూ ఒకే బ్యాటరీ నుంచి వస్తున్నప్పుడు, పైన చెప్పిన రకం మీటరులో సన్న నల్ల తీగను ఎక్కడా కలపకూడదు. దాని కొనను కత్తిరించి, స్లీవు తొడిగి, పక్కకు కట్టేయాలి. మీటరుకు కావలసిన మైనస్ దొడ్డు నల్ల తీగ నుంచే అందుతుంది.

కలిపితే ఏమవుతుందో నేను సొంత డబ్బాలోనే చూశాను. మొదటిసారి కట్టినప్పుడు సన్న నలుపును, దొడ్డు నలుపును రెండింటినీ బ్యాటరీ మైనస్ బోల్టుకే విడివిడిగా బిగించాను. డబ్బా నెలల తరబడి బాగానే పనిచేసింది. ఒకసారి దాన్ని ట్రాలీ ఆటోలో దేవరకొండ దాకా తీసుకుపోయాను. దారి పొడవునా కుదుపులకు దొడ్డు తీగ లగ్గు (తీగ కొనకు నొక్కి బిగించే లోహపు రింగు) వదులై, బోల్టు మీద నుంచి జారింది. అక్కడికి చేరాక ఇన్వర్టరు వేస్తే ఫ్యాను తిరిగింది కూడా. కొద్ది సేపటికి మాడు వాసన వచ్చింది. మూత తీసి చూస్తే సన్న నల్ల తీగ మీది ప్లాస్టిక్ కరిగి, కింద పరచిన ఫోములోకి గాడి పడేంతగా దిగిపోయి ఉంది. మీటరు వెనుక ఆ తీగ అతికిన చోట రాగి పొర బోర్డు మీద నుంచి లేచి చుట్టుకుపోయింది. ప్రధాన ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు.

కారణం ఆ సున్నాయే. లోడు నుంచి తిరిగి వచ్చే కరెంటు షంటు గుండా మీటరులోకి వచ్చి, దొడ్డు నల్ల తీగ దారి తెగిపోయేసరికి, లోపల దానితో కలిసి ఉన్న సన్న తీగను దారిగా పట్టుకుంది. దీపాలకు మాత్రమే ఉద్దేశించిన వెంట్రుకంత తీగ మీద మొత్తం లోడు కరెంటు పడింది. సన్న తీగను కలపకుండా వదిలేస్తే, దొడ్డు తీగ ఊడినప్పుడు మీటరు, లోడు రెండూ ఆగిపోతాయి. ఆగిపోవడమే మనకు కావలసింది.

బయట షంటు పెట్టే పెద్ద మీటర్లకు సన్న నలుపును కలపక తప్పదు. అప్పుడు దాన్ని బ్యాటరీ బోల్టుకు కాకుండా, షంటు మీద బ్యాటరీ వైపు ఉండే చిన్న మరకు బిగించాలి. బ్యాటరీ నుంచి షంటుకు వచ్చే కేబులు ఎప్పుడు ఊడినా మీటరు మైనస్ కూడా దానితోపాటే ఊడుతుంది. సన్న తీగకు బ్యాటరీ దాకా సొంత దారి అంటూ ఉండకూడదు.

బ్యాటరీ దగ్గర 40 ఆంపియర్ల ఫ్యూజు ఉంది కదా, మీటరుకు మళ్ళీ వేరే ఫ్యూజు ఎందుకు?

ఆ ఫ్యూజు కాపాడేది దొడ్డు కేబులును మాత్రమే. మీటరు సన్న తీగ రాపిడికి ఒరుసుకుపోయి మైనస్‌కు తగిలినప్పుడు అందులో పది, పదిహేను ఆంపియర్లు పారితే, తీగ ఎర్రబడి మంట పుట్టిస్తుంది. 40 ఆంపియర్ల ఫ్యూజుకు అది మామూలు లోడులాగానే కనిపిస్తుంది కాబట్టి తెగదు. కనుక ప్లస్ వైపు నుంచి మీటరుకు బయలుదేరే ప్రతి తీగకు, అది సరఫరా తీగ అయినా వోల్టేజీ కొలిచే తీగ అయినా, 500 మిల్లీఆంపియర్ల గాజు ఫ్యూజును హోల్డరుతో సహా పెట్టాలి. మీటరు తీసుకునే కరెంటు ఇంచుమించు 20 మిల్లీఆంపియర్లే కాబట్టి అది అనవసరంగా తెగదు. రెండు తీగలనూ ఒకే ఫ్యూజు తరువాత నుంచి తీసుకున్నా తప్పు లేదు.

ఫ్యూజు మీటరు దగ్గర కాదు, తీగ మొదలయ్యే చోట ఉండాలి. మీటరు దగ్గర పెడితే బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఉన్న తీగకు రక్షణ లేనట్టే. ప్రధాన ఫ్యూజుకూ ఇదే సూత్రం: బ్యాటరీ ప్లస్ బోల్టుకు జానెడు దూరం లోపలే ఉండాలి. కార్లలో వాడే మామూలు బ్లేడు ఫ్యూజుల మీద 32 వోల్టులు అని రాసి ఉంటుంది. 48 వోల్టుల బ్యాటరీకి వాటిని వాడితే తెగినప్పుడు ఆర్కు (తెగిన కొసల మధ్య లేచే మంట) ఆరకుండా నిలిచే ప్రమాదం ఉంది.

షంటు ఎంతది కొనాలి, ఎక్కడ పెట్టాలి?

300 వాట్ల ఇన్వర్టరు నిండు లోడు మీద, దాని సొంత నష్టాలతో కలిపి, 12 వోల్టుల దగ్గర 30 ఆంపియర్ల వరకు లాగుతుంది. లోపల షంటు ఉన్న 10 ఆంపియర్ల మీటరు దీనికి పనికిరాదు. 50 ఆంపియర్లు, 75 మిల్లీవోల్టులు అని అచ్చు వేసిన బయటి షంటు తీసుకోవాలి. దాని నిరోధం ఒకటిన్నర మిల్లీఓములు. 50 ఆంపియర్ల వద్ద అది 3.75 వాట్ల వేడిని ఇస్తుంది. 30 ఆంపియర్ల వద్ద 1.35 వాట్లే. షంటును దాని గరిష్ఠ విలువలో మూడింట రెండు వంతులకు మించి ఎక్కువసేపు వాడకపోవడం మంచి పద్ధతి. మీటరుకు ఏ షంటు ఉద్దేశించారో అదే వాడాలి. 50 ఆంపియర్ల మీటరుకు 100 ఆంపియర్ల షంటు పెడితే రీడింగు సగమే కనిపిస్తుంది, చూసేవారు లోడు తక్కువ ఉందనుకొని ఇంకా ఎక్కిస్తారు.

షంటు మీద రెండు పెద్ద బోల్టులు, రెండు చిన్న మరలు ఉంటాయి. కరెంటు కేబుళ్ళు పెద్ద బోల్టులకు, మీటరు తీగలు చిన్న మరలకు బిగించాలి. మీటరు తీగను కూడా పెద్ద బోల్టు కిందే లగ్గుతో పాటు దూర్చితే, లగ్గుకూ బోల్టుకూ మధ్య అతుకు నిరోధం షంటు నిరోధంతో కలిసిపోయి రీడింగు ఎక్కువ చూపుతుంది, బోల్టు వదులయ్యే కొద్దీ ఆ తప్పు పెరుగుతుంది. ఈ చవక మీటర్లకు షంటు మైనస్ వైపునే ఉండాలి. కేబులు 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీసుకుంటే, వంద సెంటీమీటర్ల పొడవుకు 30 ఆంపియర్ల దగ్గర పోయేది వోల్టులో పదో వంతు కన్నా తక్కువే.

ఒక మాట విడిగా చెప్పాలి. ఆంపియర్ మీటరును వోల్టు మీటరులాగా బ్యాటరీ రెండు కొసలకు పెట్టి “ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో” చూద్దామనుకునేవారు ఇప్పటికీ కనిపిస్తారు. అలా చేస్తే కొలిచేది ఏమీ ఉండదు, షార్టు సర్క్యూట్ ఒక్కటే మిగులుతుంది.

“అన్నా, లోడు నడుస్తుంది గని మీటరు సున్నా సూపెడ్తుంది” ఎందుకు?

మాకు వచ్చే ఫిర్యాదుల్లో పెద్దది ఇదే. దాదాపు ప్రతిసారీ కారణం ఒక్కటే: ఏదో ఒక లోడు మైనస్ షంటును తప్పించుకొని నేరుగా బ్యాటరీకి చేరుతోంది. యూఎస్‌బీ చార్జింగు ముక్క, కారు సాకెట్టు, ఇన్వర్టరు ఇనుప పెట్టె, చార్జింగు జాకు, వీటన్నిటి మైనస్‌లు షంటుకు లోడు వైపునే కలవాలి. ఇనుప డబ్బా అయితే మరింత జాగ్రత్త కావాలి, సాకెట్టు బయటి రింగు ద్వారా డబ్బా ఒళ్ళంతా మైనస్ అయిపోయి షంటుకు పక్కదారి ఏర్పడుతుంది. బ్యాటరీ మైనస్ బోల్టు మీద ఒక్క కేబులే ఉండాలి, అది షంటుకు పోవాలి. బీఎంఎస్ విడిగా ఉంటే ఆ కేబులు బీఎంఎస్‌కు పోయి, దాని బయటి మైనస్ నుంచి షంటుకు రావాలి.

చార్జింగులో ఉన్నప్పుడు సున్నా చూపడం మాత్రం లోపం కాకపోవచ్చు. చవక మీటర్లు ఒక దిక్కుగా పారే కరెంటునే చూపుతాయి.

మీటరు ఎప్పుడు చూసినా 13.2 అంటుంది. అంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టేనా?

కాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వోల్టేజీ మధ్య భాగంలో దాదాపు చదునుగా ఉంటుంది, సగం ఉన్నా, మూడు వంతులు ఉన్నా ఇంచుమించు అదే అంకె కనిపిస్తుంది. నిండేటప్పుడు 14.6 వోల్టుల దాకా ఎక్కడం, ఖాళీ అయ్యేటప్పుడు 12 కిందికి గబగబా జారడం, ఈ రెండు చివరలే స్పష్టంగా తెలుస్తాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి అలవాటు పడినవారు ఇక్కడే మోసపోతారు. అందులో కొంత విరామం తరువాత 12.7 అంటే నిండు, 11.8 అంటే దాదాపు ఖాళీ అని చెప్పగలం. ఎంత మిగిలిందో కచ్చితంగా కావాలంటే లోపలికి వచ్చిన, బయటికి పోయిన ఆంపియర్ అవర్లను లెక్కకట్టే మీటరే కొనాలి. దాని వైరింగు కూడా పైన చెప్పినట్టే.

24, 48 వోల్టుల డబ్బాకు ఇదే మీటరు సరిపోతుందా?

మీటరు మీద 100 వోల్టులు అని ఉండటం చూసి ఇక్కడే పొరపాటు పడతారు. ఆ అంకె కొలిచే తీగకు వర్తిస్తుంది. సరఫరా తీగ పరిమితి చాలా మీటర్లలో 30 వోల్టులే. 24 వోల్టుల లిథియం బ్యాటరీ చార్జింగులో 29.2 దాకా పోతుంది కాబట్టి అంచు మీద నిలబడినట్టే. 48 వోల్టుల రకం 58.4 దాకా పోతుంది, మీటరు వెంటనే కాలిపోతుంది. అలాంటి చోట చిన్న బక్ కన్వర్టరుతో (డీసీ వోల్టేజీని తగ్గించే బోర్డు) 12 వోల్టులు తయారుచేసి సరఫరా తీగకు ఇవ్వాలి. బ్యాటరీ మధ్యలో నుంచి నాలుగు సెల్లుల దగ్గర తీగ లాగి ఇవ్వడం తప్పు, ఆ నాలుగు సెల్లులే రోజూ అరుగుతూ బ్యాలెన్సు చెడిపోతుంది. సోలారు ప్లేటు వైపు మీటరు పెట్టేవారు కూడా ఇదే చూసుకోవాలి, 72 సెల్లుల ప్లేటు లోడు లేనప్పుడు 40 వోల్టులు దాటుతుంది.

ఇన్వర్టరు బయటికిచ్చే 230 వోల్టులకు మీటరు ఎలా పెట్టాలి?

ఇక్కడి నుంచి పొరపాటు ప్రాణానికే వస్తుంది. మీకు ఇంటి వైరింగు పని తెలియకపోతే ఈ మీటరును మానేయండి, డీసీ వైపు మీటరుతోనే లోడు ఎంతో అంచనా దొరుకుతుంది. పెట్టేవారు మాత్రం డీసీ తీగలకూ ఏసీ తీగలకూ మధ్య అడ్డుగా ప్లాస్టిక్ పలక బిగించి, మీటరు వెనుక మరలు వేలికి తగలకుండా మూసి, మీటరు ఫేజు తీగకు 250 వోల్టుల ఫ్యూజు పెట్టాలి. ఏసీ న్యూట్రలును బ్యాటరీ మైనస్‌తో ఎన్నడూ కలపకూడదు. చాలా చిన్న ఇన్వర్టర్లలో బయటి రెండు తీగలూ షాకు కొట్టేవే, టెస్టరు ఒకదాని మీద వెలగలేదని దాన్ని ముట్టుకోరాదు. ఇంట్లో షాకు కొట్టినప్పుడు కరెంటు ఆపి కాపాడే ఆర్‌సీసీబీ కూడా ఇటువంటి, భూమితో సంబంధం లేని సరఫరా మీద ట్రిప్పు కాకపోవచ్చు.

రింగులాంటి కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ఉన్న మీటరైతే రింగులో నుంచి ఒక్క తీగే పోనివ్వాలి. రెండూ పోతే ఎదురెదురు కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకొని సున్నా చూపుతుంది. లోడు నడుస్తుండగా రింగు తీగలను మీటరు నుంచి ఊడదీయవద్దు, తెరిచి ఉన్న ఆ కొసల మధ్య ఎక్కువ వోల్టేజీ పుడుతుంది. చవక ఇన్వర్టరు ఇచ్చే మెట్లమెట్ల అలకు అంకె కొంత తేడాగా రావడం సహజం.

వాడకుండా నెల రోజులు పెడితే డబ్బా ఖాళీ అయింది. మీటరే తింటున్నదా?

అవును, తినవచ్చు. 20 మిల్లీఆంపియర్ల చొప్పున రోజుకు దాదాపు అర ఆంపియర్ అవరు, నెలకు 14 పైచిలుకు. 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది పావు వంతుకు మించి. సరఫరా తీగకు ఫ్యూజు తరువాత చిన్న నొక్కుడు స్విచ్చి పెడితే సరిపోతుంది.

మన ఎండలకు ఏమైనా ప్రత్యేకంగా చూసుకోవాలా?

మే నెలలో మన దగ్గర నీడలోనే 44, 45 డిగ్రీలు చూస్తుంటాం. మూసిన నల్ల డబ్బాను ఎండలో పెడితే లోపల ఇంకా ఎక్కువ. ఈ రకం లిథియం సెల్లులను సాధారణంగా 45 డిగ్రీలు దాటితే చార్జి చేయకూడదు కాబట్టి షంటును సెల్లులకు ఆనించకుండా దూరంగా, గాలి ఆడే చోట బిగించాలి. మర కింద పెట్టే తీగ కొనకు టంకం పోయడం మంచిది కాదు. వేడికి, ఒత్తిడికి టంకం మెల్లగా నలిగి అతుకు వదులవుతుంది. లగ్గు వేసి క్రింపు చేయడమే (పనిముట్టుతో గట్టిగా నొక్కి బిగించడమే) సరైన పద్ధతి.

మొదటిసారి కరెంటు ఎలా ఇవ్వాలి?

ఉంగరం, కడియం, చేతి గడియారం తీసేయండి. పానా పిడికి టేపు చుట్టండి. వైరింగు అంతా ప్రధాన ఫ్యూజు తీసి ఉంచే చేయాలి. ఫ్యూజు పెట్టవలసిన చోట ముందుగా బైకు ఇండికేటరుకు వాడే 12 వోల్టుల 10 వాట్ల బల్బును రెండు తీగలతో సిరీసులో కలపండి. ఇన్వర్టరు స్విచ్చి ఆపి ఉండాలి, దాని లోపలి కెపాసిటర్లు నిండే ఒక క్షణం బల్బు మెరిసి ఆరుతుంది, దానికి భయపడనక్కర లేదు. ఆ తరువాత వైరింగు సరిగా ఉంటే మీటరు మాత్రం వెలుగుతుంది, ఆ కొద్ది కరెంటుకు బల్బు వెలగదు. ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి నిలబడుతుంది, తీగలో పారేది ఒక ఆంపియరుకు లోపే కాబట్టి ఏదీ కాలదు. ఆరిందని నిర్ధారించుకున్నాక బల్బు తీసి ఫ్యూజు పెట్టండి.

తరువాత తెలిసిన లోడు, ఉదాహరణకు ఒక 100 వాట్ల బల్బు, ఇన్వర్టరు మీద అరగంట నడిపి, మీటరు పది ఆంపియర్లకు అటు ఇటుగా చూపుతున్నదో లేదో గమనించండి. వోల్టేజీ మల్టీమీటరుతో పోలిస్తే తేడా వస్తే, మీటరు వెనుక ఉన్న చిన్న మరను చిన్న స్క్రూడ్రైవరుతో కొద్దికొద్దిగా తిప్పి సరిచేయవచ్చు. లోడు ఆపిన వెంటనే ఒక్కొక్క లగ్గును వేలితో తాకి చూడండి. మిగతావాటికన్నా వేడిగా ఉన్నది ఏదైనా ఉంటే, ఫ్యూజు తీసి, ఆ లగ్గును కోసేసి మళ్ళీ క్రింపు చేయండి.